చెయ్యి ఎత్తని ఆదివారం

నేను ఒక స్పూలు టేపు రికార్డరును. నాకు మూడు తలలున్నాయి గానీ బుర్ర ఒక్కటీ లేదని ఎలీషా అనే కుర్రాడు వేళాకోళం చేసేవాడు. మెకానిక్కులు వాటిని హెడ్లంటారు. మొదటిది తుడిచేది, రెండోది రాసేది, మూడోది రాసింది చదివి వినిపించేది. వరస గమనించారు కదా? కొత్తగా ఏం రాయాలన్నా టేపు ముందు తుడిచే తల దగ్గరికే రావాలి. ఉన్నది పోతే గానీ కొత్తది ఎక్కదు. పుట్టుకతో వచ్చిన ఈ గుణం చివరికి ఒక మనిషి గొంతు మీదికి వచ్చింది. ఆ సంగతి చెప్పుకోవడానికే ఇప్పుడు నోరు విప్పాను.

నన్ను బెంగుళూరులో ఒక ఫ్యాక్టరీలో తయారు చేశారు. నా లోపలి సన్నతీగలు చుట్టిన అమ్మాయికి ఆ రోజు పంటినొప్పి. బుగ్గన లవంగం పెట్టుకుని చుట్టింది. అక్కణ్ణుంచి విశాఖపట్నం వచ్చి, అల్లిపురంలో సింహాద్రి మాస్టారి టైపు ఇన్‌స్టిట్యూట్‌లో చేరాను. మాస్టారు షార్ట్‌హ్యాండు నేర్పేవారు. పద్దెనిమిదేళ్ళపాటు తమ గొంతే నాకెక్కించి నా చేత "అయ్యా, తమరి ఉత్తరము చేరినది" అనే ముక్కే చెప్పించారు, నిమిషానికి ఎనభై మాటల వేగంతో. ఎవరూ రాయని ఉత్తరానికి ఎవరికీ పంపని జవాబు! అది విని విని ఎందరికో ఉద్యోగాలొచ్చాయి. నాకు విసుగొచ్చింది. తర్వాత కంప్యూటర్లు వచ్చాయి, మాస్టారు పోయారు, నన్ను గోనెసంచిలో కట్టి అటకెక్కించారు.

దించినవాడు ఆయన మనవడు పైడిరాజు. గిటారు వాయిస్తాడు. వాడి నేస్తం ఎలీషా చర్చిలో డ్రమ్ములు వాయిస్తాడు. నూకరత్నం జాలరిపేట పిల్ల, పగలంతా ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుంది, ఆదివారం పాడుతుంది. ముగ్గురూ కలిసి, మేడమీద మాస్టారి పాత ఇన్‌స్టిట్యూట్ గదిలో 'ఉప్పుగాలి' అని బ్యాండు పెట్టుకున్నారు. వాళ్ళు వాయించేదాన్ని సైకెడెలిక్ రాక్ అంటారట. కళ్ళు మూసుకుని వింటే కాళ్ళ కింద నేల ఉందో లేదో తెలియకూడదని పైడిరాజు చెప్పేవాడు. జ్వరంలో పలవరింతల్లా ఉందని కింది కిళ్ళీకొట్టాయన అనేవాడు. రెండూ నిజమే.

వాళ్ళు నన్ను వాడిన తీరు చూస్తే మాస్టారు స్పృహ తప్పేవారు. నూకరత్నం పాడుతుంటే రెండో తల రాసేది, రెప్పపాటు తర్వాత మూడో తల దాన్నే స్పీకరులో వినిపించేది. ఆ పిల్ల తన గొంతు వెనకే తన గొంతు వస్తుంటే దానితో సరసమాడేది, తగువు పెట్టుకునేది. పాటకి మాటలుండేవి కావు. వాళ్ళమ్మ చేపలబుట్ట నెత్తిన పెట్టుకుని వీధిలో వేసే కేకని పట్టుకుని, సాగదీసి, ఎక్కడికో తీసుకుపోయేది. పైడిరాజు తిరుగుతున్న స్పూలు మీద బొటనవేలు ఆనించి పాటని నీరసింపజేసేవాడు. ఎలీషా డ్రమ్ముల పక్కన పాత టైపు మిషను పెట్టుకుని, వరస చివర మోగే దాని గంటని సరిగ్గా తాళంలో పడేలా కొట్టేవాడు.

ఇక వాళ్ళ నియమాలు. నా దగ్గర మిగిలింది మాస్టారి స్పూలు ఒక్కటే, అలాంటివి ఇప్పుడు బజారులో దొరకవు. ఆ ఒక్క టేపు మీదే ఆదివారం మధ్యాహ్నం ఆపకుండా వాయించాలి. ఫోనులో రికార్డు చెయ్యకూడదు, ఫోన్లన్నీ టైపు మిషను డబ్బాలో పడెయ్యాలి. ఎప్పుడైనా వినొచ్చులే అనుకుంటే ఎవడూ చెవి పెట్టి వినడని పైడిరాజు నమ్మకం. వాయించాక టేపంతా వినేదాకా ఎవరూ నోరెత్తకూడదు. విన్నాక, ఉంచాలనుకున్నవాళ్ళు చెయ్యి ఎత్తాలి. మూడు చేతులూ లేస్తే అదే వాళ్ళ ఆల్బమ్. ఒక్క చెయ్యి లేవకపోయినా, వచ్చే ఆదివారం దాని మీదే కొత్తది వాయించాలి. ఎందుకు ఎత్తలేదని అడగకూడదు.

మొదటి ఆదివారమే సింహాద్రి మాస్టారి గొంతు తుడిచిపెట్టుకుపోయింది. పైడిరాజుకి తాతగారని గుర్తు రాలేదు. నాకు మాత్రం ఏదో కీడు తోచింది. రెండేళ్ళలో మూడు చేతులూ కలిసి లేచింది లేదు. బెంగుళూరు నుంచి ఒకాయన వచ్చి, "ఒక్క పాట ఇవ్వండి, మేం విడుదల చేస్తాం" అంటే, చూపించడానికి వీళ్ళ దగ్గర పాటే లేకపోయింది.

ఒక ఆదివారం నూకరత్నం అందరికంటే ముందు వచ్చింది. నా పక్కనే కూర్చుని ఫోనులో తల్లితో మాట్లాడింది.

"గురువారమే ఆపరేషన్. గడ్డ నరాన్ని పట్టీసిందటమ్మా. గొంతు ఉంటాదో పోతాదో డాక్టరు చెప్పలేనంటన్నాడు."

అవతల తల్లి ఏదో అడిగింది.

"ఆళ్ళకి చెప్పలేదు. చెప్తే జాలిపడి చెయ్యెత్తీస్తారు. జాలితో ఉంచిన పాట నాకేల? ఈయేళ ఒక్కసారి బాగా పాడీస్తే చాలు. అదే ఎత్తిస్తాది చేతులు."

ఫోను డబ్బాలో పడేసి, కొంగుతో ముఖం తుడుచుకుంది. ప్లగ్గు పెట్టినా పెట్టకపోయినా నాకు వినపడుతుంది. చెప్పడమే చేతకాదు.

ఆ రోజు ఆమె పాడింది నేనెలా చెప్పను? నా మూడు తలల మీదుగా ఎంతో శబ్దం పోయింది, ఏదీ నన్ను పట్టలేదు. ఆ రోజు పట్టింది. తల్లి కేకతో మొదలుపెట్టి పైకి పోయింది, వెనకే వస్తున్న తన గొంతు కోసం ఆగింది, అది వచ్చి కలిశాక రెండూ ఒకటై దిగాయి. ఎలీషా గంట కొట్టడం మరిచిపోయాడు. నలభై ఏడు నిమిషాలకి పాట ముగిసింది. గిటారు ఇంకా గుంయ్‌మంటూనే ఉంది. నోరెత్తకూడదన్న నియమం ఆమె ఒక్కసారి తప్పింది.

"ఎలీషా, ఆ కిటికీ తియ్యి, ఉడికిపోతన్నాం." తర్వాత మెల్లగా, "ఈపాలి బాగానే వచ్చింది కదేటి?"

నియమం తలచుకుని ఎవరూ జవాబు చెప్పలేదు. నన్ను వెనక్కి తిప్పి మొదటినుంచీ విన్నారు. ఎలీషా చెయ్యి వెంటనే లేచింది. నూకరత్నం చెయ్యి లేచింది. పైడిరాజు తల వంచుకుని గోళ్ళు చూసుకుంటున్నాడు. వాడి చెయ్యి లేవలేదు. ఆమె ఒక నిమిషం ఎత్తిన చేతిని అలాగే ఉంచింది. తర్వాత దించి, డబ్బాలోంచి ఫోను తీసుకుని, "వచ్చేవారం ఊరెళ్తన్నాను, రాను" అని మెట్లు దిగిపోయింది. ఎందుకు ఎత్తలేదని అడగలేదు. నియమం కదా! మనుషులు తాము పెట్టుకున్న నియమాలకి ఇచ్చే మర్యాదలో సగం పక్కనున్న మనిషికిస్తే ఎంత బాగుండేది.

తర్వాతి ఆదివారం ఇద్దరే వచ్చారు. ఎలీషా, "రత్నం లేదు కదరా, ఈవారం ఒగ్గీద్దామా?" అన్నాడు.

"ఆదివారం ఆదివారమే" అన్నాడు పైడిరాజు, నా మీటలు నొక్కుతూ.

టేపు తుడిచే తల దగ్గరికి వచ్చింది. తప్పుకోవడానికి నాకు కాళ్ళు లేవు. తెగిపోవడానికి నా బెల్టుకి ఆ రోజే బుద్ధి పుట్టలేదు. ఆ కేక పోయింది. ఆగిన చోటు పోయింది. రెండూ కలిసిన చోటు పోయింది. నేనే తుడిచాను. వాటి మీద వాళ్ళిద్దరి ఉత్సాహం లేని వాయింపు ఎక్కించాను. సరిగ్గా నలభై ఏడో నిమిషానికి ఎలీషా పుల్లలు కింద పెట్టేశాడు, పైడిరాజు నన్ను ఆపేశాడు.

రత్నం వచ్చేదాకా ఇక వాయించొద్దనుకున్నారు. మూడు వారాల తర్వాత నూకరత్నం వచ్చింది. మెడకి చున్నీ చుట్టుకుని ఉంది. పెదవులు కదిపితే గాలి వచ్చింది తప్ప మాట రాలేదు. ఇద్దరూ నిలువుగుడ్లేసుకుని చూస్తుంటే, టైపు మిషను ముందు కూర్చుని ఒక్కో అక్షరమే వెతుక్కుంటూ కొట్టింది. ఎలీషా కాగితం లాగి పైకి చదివాడు.

"ఆపరేషన్లో గొంతు పోయింది. మొన్నటి పాట ఒకసారి వినిపించండి."

పైడిరాజు వచ్చి ఆమె కాళ్ళ దగ్గర నేల మీద కూర్చున్నాడు. "లేదు రత్నం. తుడిచీసినాం. నా గిటారు మూడో తీగ దిగిపోయిందే ఆ రోజు... నాలుగు నిమిషాలు అపశ్రుతి పలికింది. దానికోసమే ఎత్తలేదు. నువ్వు పాడింది బాలేక కాదు." ఏడుస్తున్నాడు. "ఒక్క మాట చెప్పకపోయావేటి!"

ఎలీషా వచ్చి నన్ను తిప్పడం మొదలుపెట్టాడు, ఎక్కడైనా కాస్త మిగిలిందేమోనని. ఇద్దరి వాయింపూ అయిపోయింది. టక్కుమని శబ్దం. తర్వాత గిటారు గుంయ్‌మని మోగింది. దాని వెంట ఆమె గొంతు.

"ఎలీషా, ఆ కిటికీ తియ్యి, ఉడికిపోతన్నాం. ఈపాలి బాగానే వచ్చింది కదేటి?"

అంతే. ఇక ఖాళీ టేపు.

పైడిరాజు చెయ్యి ఎత్తాడు. ఎలీషా ఎత్తాడు. ఇద్దరూ ఆమె వైపు చూశారు. నూకరత్నం రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఎత్తలేదు. జాలితో ఉంచింది తనకి వద్దని తల్లికి చెప్పింది నేను విన్నాను, వాళ్ళు వినలేదు. అయినా ఇప్పుడు వాళ్ళకీ అర్థమైందనుకుంటాను. నియమం ప్రకారం వచ్చే ఆదివారం అది కూడా పోవాలి.

పైడిరాజు లేచాడు. స్క్రూడ్రైవరుతో నా మూత విప్పి, పట్టకారుతో నా మొదటి తల, ఆ తుడిచే తల తీగ కత్తిరించేశాడు. వాళ్ళు పెట్టుకున్న నియమాన్ని వాడు తప్పడం అదే మొదలు. నూకరత్నం ఆపలేదు. ఆ తర్వాత ఉప్పుగాలి మళ్ళీ వాయించలేదు.

ఇప్పుడు నేను అదే గదిలో బీరువా మీద ఉన్నాను, ఆ స్పూలు నా మీదే ఉంది. సముద్రపు తేమకి నా ఇనుము తుప్పు పడుతోంది, రబ్బరు గట్టిపడింది. తెగిన తల గురించి నాకు బాధ లేదు. ఆ తీగ మూడు వారాల ముందు తెగలేదనే బాధ. ఆమె అడిగిన ప్రశ్న నా దగ్గరే ఉంది, దానికి జవాబు నాకు తెలుసు. బాగానే వచ్చింది తల్లీ. నాకు చెయ్యి లేదు.