ఒకవైపు కూర్చున్న పందొమ్మిదేళ్లు

"ఏడాదన్నా తిరగలేదు, అప్పుడే కొత్త బండేంటమ్మాయ్?" అంది రాఘవమ్మ, కోడలు మూత పెడుతున్న పప్పుగిన్నె వంకే చూస్తూ.

కృష్ణప్రియ అత్తగారి మధ్యాహ్నం మాత్రలు కంచం పక్కన పెట్టింది. "ఉద్యోగానికి కదమ్మా, షోకుకా?" అన్నాడు మరిది దుర్గాశ్రీనివాస్ గుమ్మంలోంచి. రాఘవమ్మ ఊరుకుంది. ఆ మాటే కృష్ణప్రియ అని ఉంటే ఎదురు చెప్పినట్టయ్యేది.

కృష్ణప్రియ భర్త శేషగిరి పోయి ఏడు నెలలు. ఆయనది పెడనలో గుమాస్తా ఉద్యోగం. ఆమె గుడ్లవల్లేరు దాటాక లోపలికున్న ఊళ్లో టీచరు. పందొమ్మిదేళ్లు గుడివాడ నుంచి ఆయన స్కూటరు మీదే బడికి వెళ్లింది. ఆయన బండెక్కి రెండుసార్లు హారన్ కొట్టేవాడు. నాలుగున్నరకి లేచి, రెండు క్యారేజీలు కట్టి, అత్తగారికి టిఫిను పెట్టి, ఆమె అప్పుడే గ్యాసు కట్టేస్తూ ఉండేది. "ఇంకా ఎంతసేపు?" అని కేక. ఏనాడూ ఒక క్యారేజీ ఆయన చేత్తో బయటికి తెచ్చిన గుర్తు లేదు. అయినా ఇప్పుడు ఎనిమిదీ పది అయ్యేసరికి వంటింట్లో చెవి రిక్కించి నిలబడిపోతోంది. ఆ హారన్ మీద అంత విసుక్కున్న మనిషి, అది వినపడక చేతిలో గరిటె ఎక్కడ పెట్టిందో మర్చిపోతోంది.

ఆ ప్రయాణం మాత్రం బాగుండేది. కుచ్చిళ్లు సర్దుకుని ఒకవైపు కాళ్లు వేసి కూర్చుంటే వెళ్లేటప్పుడంతా కాలువ, వచ్చేటప్పుడంతా చేలు. నాట్లప్పుడు బురద వాసన, కోతలప్పుడు పచ్చిగడ్డి వాసన. ఇంట్లో నోరు విప్పని శేషగిరి బండి మీద ఏదో ఒకటి చెబుతూనే ఉండేవాడు. సగం మాటలు గాలికి పోయేవి. వినపడకపోయినా ఆమె ఊఁ కొట్టేది. ఎదర ఏముందో చూసింది లేదు. ఎదర ఆయన వీపు.

ఒకసారి అడిగింది, నాకూ నేర్పకూడదా అని. "నేనుండగా నీకెందుకు?" అన్నాడు. అందులో ప్రేమ ఉందని అప్పుడూ అనుకుంది, ఇప్పుడూ అనుకుంటోంది. ఆయన ఉండని రోజు గురించి ఇద్దరూ ఆలోచించలేదు, అంతే. ఇప్పుడు బస్సు సెంటర్లో దింపేస్తే అక్కణ్ణించి రెండు కిలోమీటర్లు నడక. తొమ్మిదింటికల్లా ఫోనుకి ముఖం చూపించి హాజరు వేసుకోవాలి. ఆమె చెమటలు కక్కుతూ తొమ్మిదీ పదికి చూపిస్తోంది. "ఇవాళ కూడానా మేడమ్?" అంటాడు హెడ్మాస్టరు, నలుగురి ముందూ, నవ్వుతూనే.

షోరూములో శ్రీనివాస్ ఎత్తయిన నల్ల బండి దగ్గర ఆగాడు.

"ఇది తీసుకోండి వదినా. బరువైన బండి, గాలికి ఊగదు. పొద్దున్న నేను దింపేస్తా, సాయంత్రం తెచ్చేస్తా. మధ్యలో నా తిరుగుళ్లకీ పనికొస్తుంది."

"బండి ఎవరికండీ?" అడిగింది అక్కడ పనిచేసే లిఖిత.

"మా వదినకే. నడిపేది నేను."

లిఖిత ఆమె వైపు తిరిగింది. "ఒకసారి కూర్చుని చూడండి మేడమ్."

కృష్ణప్రియ కుచ్చిళ్లు సర్దుకుని వెనక సీటు మీద ఒకవైపుకి ఎక్కి కూర్చుంది. సంచి ఒళ్లో పెట్టుకుంది. కుడిచెయ్యి భుజం కోసం లేచి, గాలిలో ఆగింది.

శ్రీనివాస్ పకపకా నవ్వాడు. "బండి కొనడానికొచ్చి వెనకెక్కింది మా వదిన!"

"చాలామంది అలాగే కూర్చుంటారండీ," అంది లిఖిత, నవ్వకుండా. "మా అమ్మా అంతే."

కృష్ణప్రియ చెయ్యి దించుకుని కిందికి దిగింది. మూలనున్న పొట్టి బండి దగ్గరికి నడిచింది. చీర కాస్త పైకి పట్టుకుని, కాళ్లు చెరోవైపూ వేసి ముందు సీటులో కూర్చుంది. రెండు పాదాలూ నేలకి ఆనాయి.

"అది ఆడపిల్లల బండి వదినా! నాకు మోకాళ్లు తగుల్తాయి."

"నీకు తగుల్తాయి," అంది. లిఖితతో, "ఇదే రాయండమ్మా, నా పేరు మీద," అంది.

సంతకాలయ్యాయి. శ్రీనివాస్ తాళం కోసం చెయ్యి చాపాడు. "సరే, ఎక్కండి. మీకు వచ్చేదాకా నేను తిప్పుతాలెండి."

అతను తిప్పడం మొదలుపెడితే తనకి ఎప్పటికీ రాదని ఆమెకి తెలుసు.

"ఇక్కడ ఎవరైనా నేర్పుతారా?" అని లిఖితని అడిగింది.

"ఆదివారాలు నేనే నేర్పుతానండీ, గ్రౌండులో. ఒకటి రెండుసార్లు పడతారు మరి."

"పడతాను. అప్పటిదాకా బండి ఇక్కడే ఉంచమ్మా."

"ఇదేంటి వదినా!" అన్నాడు శ్రీనివాస్. "నెలన్నా పడుతుంది. కొన్న బండి ఇక్కడ పెట్టుకుని స్కూలుకెలా వెళ్తారు?"

"ఆలస్యంగా," అంది కృష్ణప్రియ.