డిక్కీలో రెండు ఇసుక సంచులు

మొఘల్‌పురా నుంచి హైకోర్టు దాకా దారిలో పెద్ద గుంతలు పదిహేడు. చిన్నవి నేను లెక్కపెట్టలేదు. ఇరవై రెండేళ్ళు ఆ దారిన ప్లిమత్ కారు నడిపాను. మొదటి పదేళ్ళు సాబ్ కోసం. తర్వాత పన్నెండేళ్ళు అమ్మ కోసం.

సాబ్ హైకోర్టులో వకీలు. భారీ మనిషి. వెనక సీట్లో ఎడమవైపు కూర్చునేవారు. ఆయన ఎక్కగానే బండి ఆ పక్కకు కొంచెం ఒరిగేది. తలుపు చప్పుడు వినకపోయినా ఆ ఒరుగుడుతోనే నాకు తెలిసేది, ఇక పోవచ్చని. అమ్మ అంటే ఆయన భార్య విమలాదేవి గారు. వాళ్ళకు పిల్లలు లేరు. సాయంత్రం ఐదింటికి సాబ్‌ను తీసుకురావడానికి కోర్టుకు బండి తీసేవాణ్ణి. శుక్రవారం మాత్రం అమ్మ కూడా వచ్చేది. తిరిగి వచ్చేటప్పుడు పత్తర్‌గట్టిలో ఆగి ఏదో ఒకటి కొనుక్కునేవాళ్ళు. ఒక్కోసారి ఏమీ కొనకుండా దుకాణాలన్నీ చూసి వచ్చేవాళ్ళు.

సాబ్ పోయాక కూడా అమ్మ శుక్రవారం మానలేదు. ఐదింటికి బండి తియ్యమనేది. చార్మినార్ పక్కనుంచి, మదీనా చౌరస్తా మీదుగా పోయి, కోర్టు గేటుకు ఎదురుగా వేపచెట్టు కింద ఆపేవాణ్ణి. నల్లకోట్ల వాళ్ళు బయటికి వచ్చి సైకిళ్ళెక్కి, రిక్షాలెక్కి పోయేవాళ్ళు. అమ్మ దిగేది కాదు. గేటు సగం మూసేదాకా చూసి, "పోదాం, భిక్షపతీ" అనేది. దారి మొత్తానికి మా మాటలు అంతే. ఆ రెండు మాటల కోసం వారమంతా బండి తుడిచేవాణ్ణి.

సాబ్ పోయిన కొత్తలో ఒక శుక్రవారం ఇంకో మాట అన్నది.

"బండి ఎగిరెగిరి పడుతున్నది. సాబ్ ఉన్నప్పుడు గిట్ల లేకుండె."

మా ఊళ్ళో ఎడ్లబండి ఖాళీగా పోతుంటే రాళ్ళ దారిలో ఎగురుతుంది. రెండు బండరాళ్ళు వేస్తే కుదురుగా పోతుంది. నాకు తెలిసిన విద్య అది. పక్కింట్లో గోడ కడుతున్నారు. అక్కడి ఇసుక అడిగి రెండు గోనెసంచులు నింపాను. సాబ్ బరువు ఎంతో నా చేతులకు తెలుసు. ఆఖరి రోజు ఆయనను ఎత్తి బండిలో పడుకోబెట్టింది నేనే. ఆ బరువుకు సరిపోయేటట్టు నింపి, మూతులు కుట్టి, డిక్కీలో ఎడమవైపు సర్దాను. అమ్మకు చెప్పలేదు.

తర్వాతి శుక్రవారం అమ్మ ఎగురుడు గురించి ఏమీ అనలేదు. నేను అద్దంలో చూశాను. చక్రం గుంతలో పడినప్పుడు ఎడమ పక్క సీటు దిగి, లేచి, మళ్ళీ దిగింది. ఎవరో కూర్చుని సర్దుకున్నట్టు ఉంది. అమ్మ కుడిపక్క కూర్చుంది. ఒళ్ళో ఉన్న చెయ్యి తీసి ఆ ఖాళీ సీటు మీద పెట్టింది. ఊగుడు ఆగేదాకా అక్కడే ఉంచింది.

పన్నెండేళ్ళు గడిచాయి. ఊగుడు పెరిగింది. పందొమ్మిది వందల డెబ్భై ఎనిమిది నాటికి ఒక గుంతలో పడితే తర్వాతి గుంత వచ్చేదాకా బండి ఊగుతూనే ఉండేది. అమ్మకు అరవై దాటాయి. నడుము పట్టేసి రెండు శుక్రవారాలు మంచం దిగలేదు. మూడో వారం సోమవారం నన్ను వరండాలోకి పిలిచింది.

"బాగు చేపిచ్చు. ఈ శుక్రవారం చూస్త. నా నడుముకు పడితే ఉంచుకుందాం. పడకపోతే రామ్‌చందర్‌కు ఇచ్చేద్దాం. శనివారం వస్తనన్నడు."

రామ్‌చందర్‌కు బ్యాండుమేళం ఉంది. పెళ్ళి ఊరేగింపులకు పెద్ద బండి కోసం చూస్తున్నాడు. బండి పోతే డ్రైవర్ ఎందుకు? ఆలేరు దగ్గర మా ఊళ్ళో నా ఇల్లు కూలి పదేళ్ళయింది. భార్య పోయాక అటు పోలేదు. బండి గదిని ఆనుకుని ఉన్న రేకుల గదే నా ఇల్లు. ఆ ఇంట్లో నన్ను పేరు పెట్టి పిలిచే మనిషి అమ్మ ఒక్కతే.

మంగళవారం మధ్యాహ్నం శాలిబండ సందులో ఆనందరావు షెడ్డుకు బండి తీసుకుపోయాను. ఆనందరావు బస్సు డిపోలో మెకానిక్. పొద్దుటి డ్యూటీ దిగి వచ్చి తన షెడ్డు తెరుస్తాడు. గోడకు ఏసుప్రభువు పటం, దాని కింద వరసగా రెంచీలు. ఏ రెంచీ లేకపోయినా ప్రభువు చూస్తాడని అంటాడు.

బండి వెనక మూల మీద రెండు చేతులూ ఆన్చి గట్టిగా కిందికి అదిమి వదిలేశాడు. నోటితో లెక్కపెట్టాడు. ఏడు దాకా పోయాడు.

"అన్నా, గిది బండి గాదే, తొట్టెల. జోలపాట గిట్ల పాడుకుంట నడుపుతున్నవా?"

"ఏం పోయినయ్?"

"షాకబ్జర్లు. ఇంకేముంటది?"

బండి కిందికి దూరి చూపించాడు. చక్రానికి ఒకటి చొప్పున మూరెడు ఇనుప గొట్టాలు. లోపల నూనె ఉంటుంది. గుంతలో పడి లేచిన బండిని మళ్ళీ మళ్ళీ ఊగకుండా పట్టి ఆపేవి అవే. ఎడమ దాని మీద నూనె కారి, మట్టి పట్టి, పిడకలాగా ఉంది.

"ఎడమ దొక్కటే మారిస్తే?" అన్నాను.

"ఒక కాలుకు కొత్త చెప్పు, ఇంకో కాలుకు అరిగింది ఏసుకొని చార్మినార్ దాకా నడువు పో. వచ్చి చెప్పు నాకు. జోడు మార్వాలె అన్నా. డిక్కీ తెరువు, జాకీ ఎత్తేముందు బరువు తీయాలె."

తెరిచాను. సంచుల అడుగులు కుళ్ళి డిక్కీ రేకుకు అంటుకుపోయాయి.

"ఏందే ఇవి? సిమెంటా?"

"ఇసుక."

"ఇసుకెందుకే?"

చెప్పాను. నాలుగు మాటల్లో ఎడ్లబండి సంగతి చెప్పాను. ఆనందరావు నడుము పట్టుకుని నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి అడిగాడు.

"ఎన్నేండ్లాయె?"

"పన్నెండు."

"మనిషి ఎక్కుతడు, దిగుతడు. బండి జర ఊపిరి పీల్చుకుంటది. నువ్వు ఎక్కించినోడు పన్నెండేండ్లు దిగనే లేదు కదనే. పండినా లేచినా ఆ బరువు ఆ ఎడమ గొట్టం మీదనే. గందుకే అది ముందుగాల సచ్చింది." చేతులు తుడుచుకున్నాడు. "ఆ తల్లి నడుము విరగ్గొట్టింది గుంతలు గాదు. నువ్వు."

వంగి సంచులను రేకు నుంచి ఊడబెరికి కింద పెట్టాను.

పాత బోల్టులు తుప్పు పట్టి కదల్లేదు. కిరసనాయిలు పోసి ఒక రోజు నానబెట్టాడు. బుధవారం వాటిని ఊడదీశాడు. ఎడమ గొట్టాన్ని నిలబెట్టి పైనుంచి నొక్కితే వేలితోనే దిగిపోయింది. "సూడు, లోపల ఏం లేదు. ఒట్టి చప్పుడే" అన్నాడు. ప్లిమత్‌వి ఇప్పుడు ఎక్కడా దొరకవు. పాత గొట్టాన్ని ఈ చివరి బోల్టు కన్నం నుంచి ఆ చివరి కన్నం దాకా సుతిలి తాడుతో కొలిచి, ముడి వేసి నా చేతిలో పెట్టాడు. గురువారం ఆ తాడు పట్టుకుని పుత్లీబౌలిలో ఏడు దుకాణాలు తిరిగాను. ఎనిమిదో దుకాణంలో ఒక వ్యాన్‌వి ముడికి సరిపోయాయి.

శుక్రవారం పొద్దున ఆనందరావు నా కోసం డ్యూటీ మార్చుకున్నాడు. కొత్త గొట్టాలను నిలువుగా పట్టుకుని, బిగించేముందే ఐదారుసార్లు లాగి నొక్కాడు. లోపలి గాలి పోవాలట. నేను పక్కన పడుకుని లాంతరు పట్టుకున్నాను. కుడిది, ఎడమది పెట్టాడు గానీ నట్లు పూర్తిగా బిగించలేదు.

"బిగించవా?"

"బండిని కిందికి దించి, కాళ్ళ మీద నిలవడ్డంక బిగియ్యాలె. గాలిల ఉన్నప్పుడు బిగిస్తే రబ్బర్లు మెలిపడ్తయి. డిపోల చెప్తే ఎవ్వడు వినడు."

దించి, బిగించి, మళ్ళీ వెనక మూల మీద చేతులు ఆన్చి అదిమాడు. బండి దిగింది, లేచింది, ఆగింది.

"ఇగో. ఒక్కసారే. గంతే."

సంచులు షెడ్డు గోడ దగ్గరికి ఈడ్చి కత్తితో కోశాడు. గచ్చు పనికి వస్తుందని అన్నాడు. ఇసుక జారుతున్న చప్పుడు వింటూ నేను అద్దం తుడిచాను.

"మల్ల ఎయ్యకు అన్నా. ఏస్తే ఏడాదిల నా దగ్గరికే వస్తవు."

ఐదింటికి అమ్మ మెల్లగా మెట్లు దిగి వచ్చి కుడివైపు కూర్చుంది. బండి ఏ పక్కకూ ఒరగలేదు. సమంగా ఉంది. ఎక్కిందో లేదో తెలియక ఒకసారి వెనక్కి తిరిగి చూశాను.

మొదటి గుంత దాటాను. రెండోది. గాజుల దుకాణాల ముందు జనం, రిక్షాల లొల్లి, ఎప్పటిలాగే. బండి మాత్రం నీళ్ళ మీద పోతున్నట్టు పోయింది. అద్దంలో అమ్మ ముఖం చూశాను. నొప్పి లేదు. బయటికి చూడటం లేదు. ఏదో వినడానికి ఆగినట్టు కూర్చుంది. కోర్టు ముందు వేపచెట్టు కింద ఆపాను. నల్లకోట్ల వాళ్ళంతా పోయారు. ఒక చప్రాసీ వచ్చి గేటు సగం మూశాడు, తర్వాత మొత్తం మూశాడు. చాలాసేపటికి అమ్మ అన్నది, "పోదాం, భిక్షపతీ."

మదీనా దాటాక మళ్ళీ అన్నది.

"నడుముకు ఏం తెలుస్తలేదు. మంచిగ చేసిండు."

"ఆనందరావు అమ్మా. డిపోల పని చేస్తడు."

"రామ్‌చందర్‌కు వద్దని చెప్పు."

"చెప్త అమ్మా."

బండి నాకు ఉంది, గది ఉంది, శుక్రవారం ఉంది. పత్తర్‌గట్టి కమాన్ల కింద దీపాలు పెడుతున్నారు. ఇన్నేళ్ళలో ఎన్నడూ చూడనట్టు వాటిని చూశాను. చార్మినార్ పక్కకు వచ్చేసరికి వెనకనుంచి అమ్మ మెల్లగా అడిగింది.

"డిక్కీల ఉన్నయి తీసేసినవా?"

ముందున్న రిక్షాను దాటకుండా వేగం తగ్గించాను.

"మీకు ఎరుకనా అమ్మా?"

"సాబ్ పోయిన నెలకే ఎడమ పక్క మల్ల దిగింది. నాకు తెల్వదా? ఇసుకనో రాళ్ళో, గదొక్కటే తెల్వలే."

"ఇసుక. తప్పయింది అమ్మా. ఒక్కమాట అడిగితే అప్పుడే తీసేద్దును."

"తీసేస్తవనే అడగలే."

ఆనందరావు మాట చెవిలో ఉన్నా నా నోరు ఆగలేదు.

"పెట్టమంటె మల్ల పెడత."

"వద్దు. నడుము బాగుంటది." కొంచెం ఆగి, "ఇగ వద్దు" అన్నది.

మా సందు మలుపులో, మున్సిపాలిటీ నల్లా ముందర ఉంటుంది, కోర్టు నుంచి వచ్చేటప్పటి లెక్కలో పదిహేడో గుంత. అన్నిటికన్నా లోతైనది. ఇరవై రెండేళ్ళు దాన్ని తప్పించే నడిపాను. తప్పించలేనప్పుడు ఒక పక్క చక్రాన్ని దాని అంచు మీదుగా పోనిచ్చేవాణ్ణి. మలుపు వస్తుండగా అద్దంలో చూశాను. అమ్మ చెయ్యి ఒళ్ళోనుంచి లేచి ఎడమ సీటు మీదికి పోయింది. తాను పెట్టినట్టు అమ్మకు తెలియదనుకుంటాను. కళ్ళు బయట నల్లా దగ్గరి బిందెల మీద ఉన్నాయి.

నేను స్టీరింగు తిప్పలేదు. వేగం కొంచెం పెంచి, ఎడమ చక్రాన్ని తిన్నగా గుంతలోకి నడిపాను.

బండి దిగింది. లేచింది. ఆగింది.

అమ్మ చెయ్యి అక్కడే ఉంది. నేను మనసులో లెక్కపెట్టడం మొదలుపెట్టాను. రెండు, మూడు, నాలుగు. సీటు కదల్లేదు. ఏడు అనుకునేసరికి ఇంటి గేటు వచ్చింది. హారన్ కొట్టాను. లోపలినుంచి వచ్చి తీసేవాళ్ళు లేరు. నేనే దిగాను.