కొండవైపు కాసులు

నెంగా సుమెర్త గదిలో నాలుగు బిస్కెట్ డబ్బాలుండేవి. కొండవైపు గోడ కింద ఒకటి, సముద్రంవైపు ఒకటి, పొద్దు పొడిచేవైపు ఒకటి, పొద్దు గుంకేవైపు ఒకటి. జీవితమంతా ఏరుకొచ్చిన చిల్లుకాసులు దారాలకు గుచ్చి వాటిలో దాచుకున్నాడు. ఏ కాసు ఎటునుంచి వస్తే ఆ దిక్కు డబ్బాలోకి పోవాలి, అదీ ఆయన లెక్క. కాగితం మీద అక్షరం ముక్క లేదు. ఏ ఊళ్ళో దొరికింది, ఎవరిచ్చారు, ఎంత బేరమాడాడు, అన్నీ బుర్రలోనే. డబ్బా అంగుళం జరిగినా ఇల్లెగిరిపోయేలా అరిచేవాడు. ఆయన భార్య తిర్తి కాపురానికొచ్చిన నాటినుంచీ వాటి చుట్టూ చీపురు తిప్పుకుంటూ ఊడుస్తోంది.

గది నడుమ మాత్రం చిన్న చెక్కపెట్టె. అందులో ఒకటే కాసు, అర్జునుడి బొమ్మది. పెళ్ళికి ముందు తిర్తి ఇచ్చింది. అర్జునుడి కాసు దగ్గరుంటే కోరుకున్న మనిషి దక్కుతుందని బాలిలో అందరికీ నమ్మకం. "కాసు నాది, మంచి మనిషి దక్కింది మాత్రం ఆయనకి" అని తిర్తి అయినదానికీ కానిదానికీ దెప్పుతూ ఉండేది.

అలాంటి నెంగా కళ్ళకు పొరలొచ్చాయి. ఆపరేషను చెయ్యాలన్నాడు డాక్టరు. నెంగాకి భయం పట్టుకుంది.

"చూపు తిరిగి రాకపోతే? ఏ కాసు ఏదో నాకే తెలీదు. ఇంకెవరికి తెలుస్తుంది?"

"కొడుకున్నాడుగా" అంది తిర్తి.

"ఎవడు, అర్సనా? వాడి చేతిలో పెడితే పార్కింగు వాడికిచ్చేసి చిల్లర అడుగుతాడు. అమ్మాయిని పిలు."

అమ్మాయంటే కోడలు దర్మిని. ఊళ్ళో సహకార సంఘంలో లెక్కలు రాస్తుంది. పెళ్ళై ఆర్నెల్లయింది. అత్తామామలు పల్లెత్తు మాట అనరు, కూరలో మంచి ముక్క ఆమెకే వేస్తారు. అదే ఆమెకు బెంగ. మంచి ముక్క చుట్టాలకు వేస్తారు గానీ ఇంటివాళ్ళకు వేస్తారా?

పైగా ఆమెది కొండకు అవతల, సింగరాజ దగ్గర సముద్రపు ఒడ్డున. అక్కడ కొండ దక్షిణాన ఉంటుంది, సముద్రం ఉత్తరాన. ఇక్కడ గియన్యార్‌లో కొండ ఉత్తరాన, సముద్రం దక్షిణాన. కాపురానికొచ్చిన కొత్తలో అలవాటు కొద్దీ దక్షిణానికి తలగడ వేసుకుంది. దేవతలుండే కొండవైపు కాళ్ళు చాపి నిద్రపోతున్న కోడల్ని పొద్దున్నే చూసి తిర్తి ముందు గుండె పట్టుకుంది, తర్వాత పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ కథ వీధి చివరిదాకా పోయింది. ఇప్పటికీ ఎవరైనా "కాస్త కొండవైపు జరుగు" అంటే దర్మిని సముద్రంవైపు జరిగి ఎవరి కాలో తొక్కుతుంది. బుద్ధికి తెలిసింది గానీ ఒంటికి తెలియలేదింకా.

మామగారు కాసుల పని తనకే అప్పగించేసరికి ఆమెకు ఏనుగెక్కినంత సంబరమైంది. కంప్యూటర్లో గళ్ళు గీసింది. ప్రతి కాసుకూ ఒక నంబరు, రెండు వైపులా ఫొటో, బరువు, దిక్కు, ఊరు, ఇచ్చినవాళ్ళ పేరు.

"బరువెందుకే? తూచి కూర వండుతావా?" అన్నాడు నెంగా.

"అసలుదేదో నకిలీదేదో బరువు చెప్తుంది, బాపా."

"నా వేలు చెప్పదూ?"

ఆయన కాసును వేళ్ళతో తడిమేవాడు. "రాసుకో, కొండవైపు. గుర్రం బొమ్మ. నారింజతోట ముసలాయన ఇచ్చాడు. బదులుగా నా కొత్త చొక్కా విప్పించుకున్నాడు దుర్మార్గుడు, చలిలో ఒణుక్కుంటూ కొండ దిగొచ్చాను." ఆమె రాసుకునేది. వంట పనిలో తను లేవాల్సి వస్తే ఆ చోట అర్సన కూర్చుని రాసేవాడు. రాసిన కాసును దారం తెంచి, దిక్కుల వారీగా ప్లాస్టిక్ అరల పుస్తకంలో పెట్టేవారు. పని పూర్తయ్యాక నాలుగు డబ్బాలూ వంటింట్లోకి పోయాయి. తిర్తి ఆ గదిని మొదటిసారి గోడ నుంచి గోడ దాకా ఊడ్చి, నడుం మీద చేతులేసుకుని తృప్తిగా చూసుకుంది.

ఆపరేషనై కంటికట్టు విప్పాక నెంగా ఇంటికొస్తూనే కాళ్ళు కూడా కడుక్కోకుండా పుస్తకం ముందేసుకున్నాడు. దర్మిని కాఫీ గ్లాసుతో పక్కనే నిలబడింది. మెచ్చుకుంటాడని ఆమె ఆశ.

ఆయన 'దక్షిణం' అని రాసి ఉన్న పేజీ తీశాడు. చాలాసేపు చూశాడు.

"అమ్మాయ్, ఈ గుర్రం కొండ దిగి సముద్రానికి ఎప్పుడొచ్చింది?"

దర్మిని వంగి పేజీ చూసింది. మామగారు కొండవైపు అన్నప్పుడల్లా తన వేళ్ళు దక్షిణమనే కొట్టాయి, తన పుట్టింటి కొండ అక్కడుంది గనక. అర్సన రాసినవి మాత్రం సరిగ్గా ఉన్నాయి. ఏది ఎవరు రాశారో గుర్తు లేదు, ఊరి పేరు చూసి దిక్కు పోల్చుకుందామంటే ఇటువైపు ఊళ్ళు తనకు తెలియవు. డబ్బాలు ఖాళీ, దారాలు చెత్తలో. దక్షిణపు ఒడ్డున సనూరు జాలరి ఇచ్చిన భీముడి బొమ్మ కాసు పోయి ఉత్తరంలో కూర్చుంది.

"కోడలొచ్చాక కొండ కూడా చోటు మారింది" అంది తిర్తి గుమ్మంలోంచి. నవ్వించడానికే అంది. దర్మిని మాత్రం గ్లాసు అక్కడే పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయింది. కొబ్బరి తురుముతూ కూర్చుంది, కళ్ళు కనబడకపోయినా తురుముతూనే ఉంది. ఆయన ఎవరినీ నమ్మి ఇవ్వని ఒక్క వస్తువూ తన చేతిలో పెడితే ఇలా చేసింది. ఇకమీదట ఇంకా మంచి ముక్కలు వేస్తారు, ఇంకా మర్యాదగా చూస్తారు. అది తలుచుకుంటేనే ఏడుపొచ్చింది.

"ఏయ్ అమ్మాయ్, ఆ కొబ్బరి ఏం పాపం చేసింది? ఇలా రా."

నెంగా కాసులన్నీ అరల్లోంచి తీసి చాప మీద గుట్ట పోసుకున్నాడు. ముఖంలో కోపం లేదు సరికదా, పండగనాటి పిల్లాడిలా ఉన్నాడు.

"క్షమించండి బాపా. అంతా కలిపేశాను."

"కలిపేశావు. మళ్ళీ మొదటినుంచీ చెప్పాలి. ఈ ఇంట్లో నా కాసుల సంగతి రెండోసారి ఎవరు వింటారనుకున్నావ్? మీ అత్త చెవుల్లో దూది పెట్టుకుంటుంది. కూర్చో."

ఆమె కూర్చుంది. ఈసారి ఆయన కళ్ళతో చూసి చెప్పాడు. గుర్రం కొండకెళ్ళింది, భీముడు సముద్రానికి దిగాడు. ఒక్కో కాసుకూ దర్మిని దిక్కు రాసేముందు చేత్తో చూపించి "అటే కదా?" అని అడిగింది. ఒక్కసారీ విసుక్కోకుండా ఆయన తల ఊపుతూ పోయాడు.

చివరికి చాప మీద ఒక కాసు మిగిలింది. అరిగిపోయిన మామూలు కాసు. పెళ్ళినాడు దర్మిని తండ్రి తన పడవలోంచి తెచ్చి నెంగా చేతిలో పెట్టినది. ఆమె దాన్ని వెంటనే గుర్తుపట్టింది. తడబడకుండా చెప్పాలని గొంతు సవరించుకుంది.

"సింగరాజ. కొండవైపు. ఉత్తరం, బాపా."

"తప్పు."

ఆమె ముఖం వాడిపోయింది. నెంగా ముందుకు వంగి నడుమనున్న చెక్కపెట్టె మూత తీశాడు. అర్జునుడి పక్కన ఆ కాసును పెట్టాడు.

"ఇది ఎటునుంచో వచ్చింది కాదు. ఇంట్లోది. రాసుకో, నడుమ అని."

కంప్యూటరు గళ్ళలో నాలుగే దిక్కులున్నాయి. దర్మిని ఐదో గడి గీసింది. రాస్తుంటే అక్షరాలు అలుక్కుపోయాయి, ముక్కు చీదుకుని మళ్ళీ రాసింది.

తిర్తి వచ్చి పెట్టెలోకి తొంగి చూసింది.

"ఇన్నేళ్ళూ అందులో నేనొక్కదాన్నే ఉన్నా. పోనీలే, కాస్త జరుగుతాను" అని కోడలి తల నిమిరింది. "ఎటు జరగాలో మాత్రం దీన్ని అడక్కండి."