నొసటి గెట్లు

పొద్దున్నే చాయ్ తాగి, పార భుజాన వేసుకునే ముందు నర్సింహ, తన భార్య దేవమ్మ నొసలు చూసుకుంటాడు. అక్కడ నాలుగు ముడతలు. గడ్డపోతారంలో మందుల ఫ్యాక్టరీ గోడ పక్కనున్న వాళ్ల ఎకరంన్నర చేనుకు నాలుగు గెట్లు. ఏ ముడత మధ్యలో తెగితే ఆ గెట్టుకు గండి పడ్డట్టు. పక్క చేనాయన కొట్లాటకొచ్చినా, సర్వేయర్ గొలుసు పట్టుకొచ్చినా, దేవమ్మను అరుగు మీద కూర్చోబెట్టి నొసలు చూశాకే చేనుకు పోయేవాళ్లు.

దేవమ్మకు నలభై నాలుగేళ్లు. ఎండకు కాలీ కాలీ అరవై లెక్క కనిపిస్తుంది. ఫ్యాక్టరీ ప్యాకింగ్‌లో పని అడగబోతే కాంట్రాక్టర్, "అవ్వా, నీ బిడ్డను తోలు" అన్నాడు. ఆ రోజు నుంచి ఆమెకు అన్నం సయించలేదు.

బిడ్డ నిషితకు మొటిమలు. పటాన్‌చెరు చర్మం డాక్టరమ్మ ట్యూబు రాసిచ్చింది. అది ముడతలకు కూడా పనిచేస్తుందని నిషిత నోరు జారింది.

"నాకు జెర రాయి."

"ఊకో అమ్మా. డాక్టర్ చూడకుండ ఎట్ల? మొదాల మొఖం ఎర్రగైతది, పొట్టు లేస్తది. ఎండల తిరగొద్దు. కడుపుతోటి ఉన్నోళ్లయితే ముట్టనే ముట్టొద్దట."

"నాకిప్పుడు కడుపేందే!" దేవమ్మ నవ్వింది. "పని దొరికితే ఎండల ఎందుకుంట? ఫ్యాన్ కింద కూసుంట."

"గీతలు వోతే నేను చేనుకెట్ల వోవాలె?" అన్నాడు నర్సింహ.

"ఇరవై ఐదేండ్ల సంది వోతున్నవు. నీ కాళ్లకు ఎరుక లేదా?"

దేవమ్మ డాక్టరమ్మ దగ్గరికి పోయింది. ఆమె అవే జాగ్రత్తలు చెప్పి, ఆరు నెలలు ఓపిక పట్టమని ట్యూబు రాసింది. చేను సంగతి ఆమె అడగలేదు, దేవమ్మ చెప్పలేదు.

మూడో వారం దేవమ్మ బుగ్గల మీద పొట్టు లేచింది. చేలో మన్ను కూడా పెచ్చులుగా లేచి, ఎర్రబారి, ముట్టుకుంటే జ్వరం వచ్చినట్టు వెచ్చగా తగిలింది. నాలుగో నెల ఉత్తరం గెట్టు కుంగింది. ఏడో నెలకు నొసలు నున్నగా మెరిసింది. కాంట్రాక్టర్ ఆమెను గుర్తుపట్టనే లేదు. "అక్కా, రేపటి సంది రా" అన్నాడు.

మొదటి రోజు పని చేసి దేవమ్మ కంపెనీ బస్సు దిగేసరికి, చేనుకు పోయిన నర్సింహ ఇంకా ఇల్లు చేరలేదు. తెల్లారినా రాలేదు. నిషిత చేనుకు పోయింది. ఫ్యాక్టరీ గోడ నుంచి రోడ్డు దాకా నేల ఒకటే చదును. దూరంగా తండ్రి. పిలిస్తే ఇటు తిరిగాడు, ఇటే నడిచాడు. కాళ్లు కదులుతున్నాయి. మనిషి మాత్రం దగ్గర పడడం లేదు.

నిషిత ఫోన్‌లో ఆ సంగతి చెప్పగానే, దేవమ్మ ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని వాకిట్లో ఎండకు ఎదురుగా కూర్చుంది. కళ్లు చిట్లించి, ఉన్న బలమంతా పెట్టి నొసలు ముడిచింది. వెంట్రుకంత గీత లేచింది.

"గెట్టు లేసిందమ్మా! పాదమంత వెడల్పు. నాయిన దాని మీదికెక్కిండు."

రోడ్డు మీద కంపెనీ బస్సు హారన్ కొట్టింది. దేవమ్మ లేవబోయింది.

"కదలకు! అదురుతున్నది."

కూలబడింది. లేత చర్మం మీద ఎండ నిప్పులా అంటుకుంది. బస్సు ఇంకోసారి హారన్ కొట్టి, కదిలిపోయిన చప్పుడైంది.

"యాడిదాక వచ్చిండే?" పళ్లు బిగబట్టి అడిగింది.

"సగం గూడ రాలే. ఏడ్వకమ్మా. గెట్టు పక్కపొంటి నీళ్లొస్తున్నయ్."