యంత్రానికి పనికిరాని నీళ్లు

మర్రిగూడలో రఘుపతి కొత్త ఇల్లు కడుతున్నాడు. అతనికి మూడు జేసీబీలున్నాయి. స్నానాల గదిలో హాట్ టబ్ పెట్టిస్తానన్నప్పుడు భార్య అరుణమ్మ కాదనలేదు. అత్త హనుమమ్మ నడుము వంగి పదిహేనేళ్లయింది. మెడ తిప్పాలంటే మనిషి మొత్తం తిరగాలి. వేడినీళ్లలో కూర్చుంటే నొప్పులు తగ్గుతాయని దవాఖానలో చెప్పారు.

"బర్లను చెరువుల తోలినట్టు నన్ను గూడ తోల్తరా బిడ్డా?" అని హనుమమ్మ నవ్వింది.

టబ్బును హైదరాబాద్ నుంచి బండిలో తెచ్చింది, దాన్ని బిగించే మనిషి వెంకటేష్. దించకముందే బోరు నీళ్లు గ్లాసులో పట్టి, కాగితం ముక్క ముంచి, రంగు చూశాడు.

"గీ నీళ్లు వద్దు సార్. ఉప్పు పేరుకుంటది. ఆర్నెల్లల్ల హీటర్ ఖరాబైతది. గ్యారంటీ గూడ రాదు."

"మరెట్ల?"

"నల్లా నీళ్లు నింపుండ్రి. పన్నెండొందల లీటర్లు. రెండు మూడు నెలలకోపారి మార్చాలె."

శుద్ధిచేసిన నీళ్లొచ్చే నల్లా రోజు విడిచి రోజు గంటసేపు వస్తుంది. ఆ గల్లీలో పదకొండు ఇళ్లు. మొదటిది రఘుపతిది, చివరిది మేకలు కాసే సుక్కమ్మది. నల్లాకు మోటరు బిగించమని రఘుపతి ప్లంబరుకు చెప్పాడు. మొదటింట్లో మోటరు నడిస్తే చివరి ఇళ్లకు చుక్క దిగదు. వాళ్లు ఎముకలను వంచే ఫ్లోరైడున్న బోరు నీళ్లే తాగాలి. ఈ సంగతి తెలియనివాళ్లు లేరు. మన ఊళ్లలో అట్లా మోటరు పెట్టినవాణ్ణి దొంగ అనరు, తెలివిగలవాడంటారు.

"తమ్మీ, మళ్లోపారి చెప్పు," అంది అరుణమ్మ. "మిషన్‌కు బోరు నీళ్లు ఎందుకొద్దు?"

"ఖరాబైతదక్కా."

"ఆర్నెల్లల్ల?"

"ఇంకా ముందే గావచ్చు."

అరుణమ్మ అత్త వైపు చూసింది. తాను కాపురానికి వచ్చిన ఏడు హనుమమ్మ నెత్తిన రెండు బిందెలు, చంకన ఒకటి పెట్టుకుని నిటారుగా నడిచేది. అవి బోరు నీళ్లే. ఇల్లంతా అవే తాగింది.

ప్లంబరు గడ్డపార తీసేసరికి ఆమె వెళ్లి నల్లా పైపుండే గుంత మీది బండపై కూర్చుంది.

"లే. పని కానీ," అన్నాడు రఘుపతి.

"లేవ."

"టబ్బు నాకా? మా అమ్మకు."

"అయితె మీ అమ్మనే అడుగు."

హనుమమ్మ గోడ పట్టుకుని వచ్చింది. "కొడకా, పోసుకునేతందుకు బోరు నీళ్లు చాలు. పొయ్యి మీద పెడ్తె గవి గూడ కాగుతయ్. సుక్కమ్మ మనుమరాలు గవే తాగితె, రేపు దాని నడుముకు ఏ టబ్బు దెస్తవ్?"

"మనమొక్కళ్లమేనా? గల్లీల మూడిండ్లకు మోటర్లున్నయ్!"

"ఎల్లుండి వాళ్ల గుంతల మీద గూడ కూసుంట," అంది అరుణమ్మ.

"పరాయోళ్ల ముందట ఇజ్జత్ తీస్తున్నవ్."

"ఇంకా తియ్యలే. గా మోటరు పెట్టు, అప్పుడు తీస్త."

ప్లంబరు నవ్వు ఆపుకోలేక గడ్డపార సర్దుకున్నాడు. రఘుపతి ఫోను చెవికి పెట్టుకుని బయటికి నడిచాడు. టబ్బు బండి దిగకుండానే తిరిగి వెళ్లింది.

నాలుగింటికి నల్లా వచ్చింది. ఉన్న మోటర్లు గుంజుకోగా మిగిలిన సన్నటి ధారకే గల్లీ చివర సుక్కమ్మ బిందె నిండిందన్న కేక వినపడేదాకా అరుణమ్మ అక్కడే ఉంది. తర్వాత లేచి, గుమ్మంలో నిలబడ్డ భర్తతో అంది.

"ఇనుప మిషన్‌కు పనికిరాని నీళ్లు మనిషి ఎముకలకు పనికొస్తయా? ఆఖరింట్ల నోరు తడిసినంకనే మొదటింట్ల మోజు."