మూగబోయిన ఉరుముల బోర్డు

నేను ఒక ఎలక్ట్రానిక్ బోర్డుని. అరచేతికంటే కాస్త పెద్దగా, ఆకుపచ్చగా ఉంటాను. నా మీద ఒక చిప్పు, ఒక చిన్న స్పీకరు, వరసగా తెల్లటి ఎల్‌ఈడీ దీపాలు ఉన్నాయి. మీట నొక్కితే ఉరుముతాను, మెరుస్తాను. వాన కురిపించడం మాత్రం నా వల్ల కాదు.

నన్ను తయారుచేసింది తెనాలిలో పోస్టాఫీసు ఉద్యోగి భావనారాయణ. పగలంతా ఆఫీసు, సాయంత్రమైతే వైర్లు, టంకం కడ్డీ. విడిభాగాలు తెప్పించుకుని, వెనక వరండాలో కూర్చుని, ఒక్కొక్కటే అతికించి నాకు ప్రాణం పోశాడు. ఆయన భార్య వకుళ హైస్కూల్లో తెలుగు పంతులమ్మ. ఆవిడకి టంకం పొగ పడదు. "ఆ వాసనలో మీకు అన్నం ఎలా సయిస్తుందండీ?" అంటూ తలుపు వేసుకునేది.

ఆయన స్నేహితుడు శేషగిరికి ఊళ్లో ఒక నాటక సమాజం ఉంది. నేను రాకముందు, తెర వెనక ఎవరో ఒకరు రేకు ఊపితే అదే ఉరుము. నేనొచ్చాక రేకు మూలపడింది. మనుషులు నిజం మెరుపుకి జడిసి తలుపులు వేసుకుంటారు, నా మెరుపుకి చప్పట్లు కొడతారు. ఎందుకో నాకు ఇప్పటికీ తెలియదు.

ఒక వేసవిలో భావనారాయణకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి. మాట కూడా పోయింది. అన్ని మాటల్లోనూ ఒక్కటే మిగిలింది, "కాదు" అని. అన్నం పెట్టనా అంటే కాదు. పడుకుంటారా అంటే కాదు. చూడ్డానికొచ్చిన చుట్టాలు మంచం పక్కనే నిలబడి, "పాపం, ఏమీ తెలియట్లేదు" అని చెప్పుకునేవాళ్లు. తాము అడిగే ప్రశ్నల్లోనే తేడా ఉందేమోనని ఒక్కరికీ తట్టలేదు. కొన్నాళ్లకి వకుళ కూడా ఆయన్ని అడగడం మానేసి, ఆయన గురించి ఇతరులకి చెప్పడం మొదలుపెట్టింది.

మంచానికి చోటు కోసం గదిలో ఆయన బల్ల తీసేశారు. నేను బీరువా మీదికి చేరాను. అడాప్టర్లన్నీ ఒక సంచిలో పడ్డాయి.

ఒకరోజు శేషగిరి వచ్చాడు. "చెల్లెమ్మా, గుంటూరులో నాటక పోటీలున్నాయి. ఆ ఉరుముల బోర్డు ఇస్తావా?" అని అడిగాడు.

వకుళ నన్ను దించి దుమ్ము తుడిచింది. సంచిలోంచి నా రంధ్రానికి సరిపోయే అడాప్టరు ఒకటి తీసి పెట్టింది. స్విచ్చు వేసింది. నేను వెలగలేదు, ఉరమలేదు.

"పోయినట్టుంది చెల్లెమ్మా. ఫర్వాలేదులే, ఆ రేకే మళ్లీ ఊపుకుంటాం" అన్నాడు శేషగిరి.

"కాదు" అంది మంచం.

"సరేలే నాయనా, కాదులే" అని పసివాణ్ణి బుజ్జగించినట్టు ఆయన భుజం తట్టి వెళ్లిపోయాడు.

భావనారాయణ ఎడమ చేత్తో పరుపు మీద కొడుతూ కాదు, కాదు అంటూనే ఉన్నాడు. వకుళ ఆ చప్పుడు భరించలేక నన్ను తెచ్చి ఆయన ఒళ్లో పెట్టింది. "సరే, ఏం చెయ్యాలో చెప్పండి" అని, అన్న వెంటనే నాలిక్కరుచుకుంది.

అయినా మొదలుపెట్టింది. "ఈ స్విచ్చు పాడైందా?"

"కాదు."

"ఈ వైరేమైనా ఊడిందా?"

"కాదు." ఆయన వేలు బీరువా కింది సొరుగు వైపు చూపించింది. ఆవిడ అందులో వెతికి, కరెంటు కొలిచే పచ్చ మీటరు బయటికి తీసింది.

"ఇదా?"

ఆయన ఏమీ అనలేదు.

ఆవిడ ఆగిపోయింది. "ఇదేనా?" అని మళ్లీ అడిగింది. ఆయన ఆవిడ కళ్లలోకి చూస్తున్నాడు తప్ప కాదనలేదు.

మీటరు తీగల చివరి ముళ్లలో ఎర్రది ఎక్కడ పెట్టాలో, నల్లది ఎక్కడ పెట్టాలో ఆయన చూపించాడు, ఆవిడ పెట్టింది. "తొమ్మిది చూపిస్తోందండీ. కరెంటు వస్తోందిగా! అంటే బోర్డే పోయింది."

"కాదు."

"ఏంటి కాదు? తొమ్మిది కనిపిస్తుంటే!"

ఆయన జబ్బుపడ్డాక ఆవిడ గొంతు పెంచడం అదే మొదటిసారి. అన్నాళ్లూ రోగితో మాట్లాడినట్టు మెత్తగా మాట్లాడింది. ఇప్పుడు మొగుడితో దెబ్బలాడుతోంది. ఆయన కోపం తెచ్చుకోలేదు. వేలితో మీటరు అద్దం మీద, తొమ్మిదికి ఎడమ పక్కన తట్టాడు. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని వంగి చూసింది.

"ఇక్కడేదో గీత పడింది. గీతేనా?"

"కాదు."

"గీత కాదా? మరి... మైనస్సా?"

భావనారాయణ ఏమీ అనలేదు.

నాలోకి కరెంటు తలకిందులుగా వస్తోంది. ఆ అడాప్టరు నాది కాదు, దాని ప్లస్సూ మైనస్సూ నాకు ఎదురు. నా గుమ్మంలో డయోడు అనే చిన్న నల్ల ముక్క ఉంది. తప్పు దారిన వచ్చే కరెంటుని అది లోపలికి రానివ్వదు. అందుకే నేను వెలగలేదు, కాలిపోనూ లేదు.

వకుళ మాత్రం నన్ను చూడటం లేదు. మంచం అంచున కూర్చుంది.

"మీకు అన్నీ తెలుస్తున్నాయి" అంది. ఆయన కాదనలేదు.

"మొదటి నుంచీనా?"

అప్పుడూ కాదనలేదు.

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి, "మొన్న మా అక్కతో ఫోన్లో, ఈయనిక పసిపిల్లాడితో సమానమే అన్నాను. విన్నారా?" అని అడిగింది.

"కాదు" అన్నాడు భావనారాయణ.

ఆ రోజు నేను బీరువా మీదే ఉన్నాను. ఆవిడ ఆ మాట అనగానే ఆయన గోడవైపు తల తిప్పుకోవడం చూశాను.

తర్వాత ఆవిడ సంచి మంచం మీద బోర్లించి, ఒక్కో అడాప్టరూ ఎత్తి చూపించింది. కాదు, కాదు, కాదు. ఒక దానికి ఆయన ఊరుకున్నాడు. దాన్ని నాకు పెట్టి మీట నొక్కింది. మిట్టమధ్యాహ్నం, ఎర్రటి ఎండలో, గది అదిరేలా ఉరిమాను. పక్కింటావిడ ఆరేసిన బట్టలు తీయడానికి డాబా మెట్లు ఎక్కుతున్న చప్పుడు వినిపించింది. ఇద్దరూ నవ్వారు. ఆయన నవ్వు మొహంలో ఒక పక్కకే వచ్చింది.

పోటీ రోజు ఉదయం శేషగిరి ఆటో తీసుకుని వచ్చాడు. "బాగైందట కదా చెల్లెమ్మా! పట్టుకెళ్లనా?"

"నన్నడుగుతారేం అన్నయ్యగారూ? ఆయన్నే అడగండి" అని వకుళ వంటింట్లోకి వెళ్లిపోయింది.

శేషగిరి కాసేపు గుమ్మంలో నిలబడ్డాడు. తర్వాత కుర్చీ లాక్కుని మంచానికి ఎదురుగా కూర్చున్నాడు. "ఏరా భావనా, బోర్డు పట్టుకెళ్లనా?"

"కాదు."

సాయం కోసం వంటింటి వైపు చూశాడు. ఎవరూ రాలేదు. తల గోక్కున్నాడు. స్నేహితుడి మొహంలోకి పరీక్షగా చూసి, నెమ్మదిగా అడిగాడు.

"పోనీ, నువ్వూ వస్తావా?"

గదిలో చప్పుడు లేదు. బయట ఆటోవాడు హారన్ కొట్టాడు. శేషగిరి లేచి, మంచం కిందికి వంగి, స్నేహితుడి చెప్పుల కోసం వెతకడం మొదలుపెట్టాడు.