జాకీ మీద బిగించిన రాడ్డు

పొద్దుగూకేలోపు కోపం దించే పొట్టేలుతో మేం తన గుమ్మం ముందుకు రాకపోతే, ఇక తనకు కూతురే లేదనుకుంటానని ఒరోజ్‌బెక్ గారు కబురు పంపారు. ఆ కబురు మాకు అందేసరికే ఎండ నడినెత్తికి వచ్చింది. ఆయన ఊరేమో కిజార్ట్ కనుమకు అవతల. మా వాకిట్లోనేమో ఒక చక్రం ఊడదీసి, జాకీ మీద కూర్చోబెట్టిన కారు.

తప్పంతా మా మరిది సిర్గాక్‌ది. ఆయన కూతురు జిబెక్‌ని అడక్కుండా లేవదీసుకొచ్చాడు. పిల్ల ఇష్టపడే వచ్చింది, కాదనను. కానీ వచ్చిన పూటే పెద్దవాళ్ళం వెళ్ళి తండ్రి ముందు తల వంచాలా వద్దా? ఇవాళ కాదు రేపని మమ్మల్ని ఆపుతూ వచ్చాడు, పిరికి సన్నాసి. కొత్తకోడల్ని కూర్చోబెట్టే తెర వెనక తెల్ల రుమాలు కట్టుకుని కూర్చున్న జిబెక్ నా చెయ్యి వదల్లేదు.

"అక్కా, మా నాన్న అన్నంత పనీ చేస్తాడు. మా మేనత్తను చచ్చేదాకా గడప తొక్కనివ్వలేదు. ఇక నేను మా అమ్మ మొహం చూడనా?"

"చూస్తావు. నేను చూపిస్తాను" అన్నాను. ధైర్యం ఉండి అన్నమాట కాదది.

మామగారు పోయారు కాబట్టి, ఇంటిపెద్దలుగా వెళ్ళాల్సింది నేనూ మా ఆయన మైరంబెకూ. ఊళ్ళో బండ్లన్నీ నారిన్‌లో చావుకి వెళ్ళాయి. మిగిలింది మా డొక్కే. వెనక కుడిచక్రం మీద, షాక్ అబ్జార్బర్ తల బాడీకి తగులుకునే చోట, రేకు తుప్పు పట్టి పగిలింది. గుంతలో పడ్డప్పుడల్లా ఆ పగులు నోరు తెరుస్తుంది. కనుమ దారంతా గుంతలే.

"ఎడమవైపు రేకు గట్టిగానే ఉంది" అన్నాడు మైరంబెక్, డిక్కీలో తల దూర్చి. "ఈ తలకీ ఆ తలకీ మధ్య అడ్డంగా రాడ్డు వేస్తే కుడివైపు దెబ్బని ఎడమవైపు కూడా మోస్తుంది."

"రాడ్డేదీ?"

లోపలికి వెళ్ళాడు. రంపం చప్పుడు వినిపించింది. వెళ్ళి చూద్దును కదా, మా ఇనుపమంచం తలవైపు పైపు కోసేస్తున్నాడు.

"ఏమయ్యా! మన మంచం!"

"బతికుంటే కింద పడుకుందాం లేవే."

పాత గేటు రేకులో రెండు పలకలు కోసి, బెజ్జాలు వేసి, పైపు ఈ కొసకొకటి ఆ కొసకొకటి ఆనించాడు. కొలత పక్కాగా వస్తుందని, కార్లో పెట్టే వెల్డింగ్ చేస్తానన్నాడు. నా ఒళ్ళు మండింది. "కింద పెట్రోలు ట్యాంకు పెట్టుకుని నిప్పులు కురిపిస్తావా? నన్ను విధవను చేసి వియ్యంకుడింటికి పంపుతావా?" అని అరిస్తే, దారంతో కొలిచి వాకిట్లోనే అతికించాడు. పలకల్ని షాక్ అబ్జార్బర్ల తలల మీద కూర్చోబెట్టి, బండి జాకీ మీద ఉండగానే, పళ్ళు కొరుకుతూ నట్లు బిగించాడు. చక్రం తగిలించి దించాక డిక్కీ తలుపు ఓ పట్టాన పడలేదు. గుద్ది మూశాం. జాకీ ఎరువిచ్చిన పొరుగావిడ పక్కనే నిలబడి, దించీ దించగానే పట్టుకుపోయింది.

అప్పుడు గుర్తొచ్చింది పొట్టేలు. మా ఊరు కొచ్కోర్‌లో డిక్కీ ఉన్నదే పొట్టేలు కోసం. అలాంటిది రాడ్డు వేసేటప్పుడు ఇద్దరిలో ఒక్కరికీ ఆ ఊసే లేదు! వెనక సీటంతా వియ్యాలవారికి బట్టలూ బూరెల మూటలూ. కాళ్ళు కట్టి, రాడ్డు కిందకి తోసి, తల వంచి మరీ పడుకోబెట్టాం. దాని మెలికల కొమ్ములు పైపుకి రాసుకుంటున్నాయి.

"ఊపిరాడుతుందా దీనికి?" అన్నాను.

"నాకే ఆడట్లేదు. ఎక్కు."

కనుమ ఎక్కుతున్నంతసేపూ నా చెవులు వెనకే ఉన్నాయి. రాడ్డు పని చేసింది, అబద్ధమెందుకు. గుంతలో పడ్డా ఆ రేకు అరుపు లేదు. మా ఆయన మొహం కాస్త తెరిపిన పడింది. "చూశావా, మంచం ఊరికే పోలేదు" అని కూడా అన్నాడు. శిఖరం దాటాక ఓ పెద్ద కుదుపు వచ్చింది. పొట్టేలు ఒక్కసారి ఎగిరిపడ్డట్టయింది. తర్వాత గురగురమని చప్పుడు. ఆ తర్వాత అదీ లేదు.

"ఆపు! ఆపవయ్యా!"

డిక్కీ తెరిస్తే కొమ్ము రాడ్డుకి మెలేసుకుని ఉంది. మెడ తిరిగిపోయింది, నాలుక బయటికొచ్చింది.  చచ్చిన పొట్టేలుతో కోపం దించడానికి వెళ్తే, నీ కూతురు మాకు పీనుగుతో సమానమని చెప్పినట్టే. అంతకంటే వెళ్ళకపోవడం నయం. ఇంకా కొన ఊపిరి ఉన్నట్టుంది, నేను దాని తల పైకెత్తి పట్టుకున్నాను. కొమ్ము రాలేదు.

"రాడ్డు తియ్యి!"

"తీస్తే బండి విరుగుతుందే!"

"తియ్యకపోతే జిబెక్ బతుకు విరుగుతుంది!"

స్పానర్ వేశాడు. కుడివైపు నట్టు వదులవగానే పైపు టంగుమని ఎగిరి పక్కకి తన్నింది. పొట్టేలు కింద పడి, దగ్గి, ఊపిరి తీసుకుంది. దాని గొంతు నిమురుతూ నేను భోరున ఏడ్చాను. దాన్ని సీటు మీద మూటల మధ్యకి చేర్చి మళ్ళీ రాడ్డు పెట్టబోతే, బెజ్జం దాని చోటికి రాదే! వేలెడు తేడా. కాలితో తన్నాడు, భుజంతో నెట్టాడు, తిట్టాడు. రాలేదు. జాకీ కొచ్కోర్‌లో ఉంది.

ఇక దిగడం దిగడం కాదు. నడిచే మనిషి మమ్మల్ని దాటిపోగలడు. అడుగడుగుకీ వెనక రేకు చిరుగుతున్న చప్పుడు. ఎండ ఎదుటి కొండ అంచు మీదికి జారుతోంది. తొందరపడితే విరుగుతుంది, ఆగితే పొద్దుపోతుంది. పొట్టేలు తల ఒళ్ళో పెట్టుకుని, తెలిసిన దువాలన్నీ చదివాను.

ఊరు చేరేసరికి కొండ అంచున ఎర్రటి గీత మిగిలింది. కారు కుడివైపుకి కుంగి, టైరు రాసుకుని పొగ వస్తోంది. ఒరోజ్‌బెక్ గారు గేటు ముందు బల్ల మీద ఒక్కరే కూర్చుని ఉన్నారు.  సలాం చెప్పి, నేను నడుం వంచి నిలబడ్డాను. తాడు పట్టుకుని మైరంబెక్ కూడా వంగాడు. ఆ తాడు ఆయన అందుకుంటేనే కోపం దిగినట్టు లెక్క. పొట్టేలు తూలుతోంది. ఆయన మా వంకా చూడలేదు, దాని వంకా చూడలేదు. లేచి కారు దగ్గరికి వెళ్ళి డిక్కీ ఎత్తారు.

"ఇది మంచం పైపు కదూ?"

"అవును మావయ్యగారూ" అన్నాడు మా ఆయన, వంచిన తల ఎత్తకుండా.

"జాకీ మీద ఉండగా బిగించావా?"

"అవును."

"బుద్ధుందా? గాల్లో ఉన్న బండి ఒళ్ళు వంకర పోయి ఉంటుంది. నాలుగు చక్రాల మీద నిలబెట్టాక కదా బిగించాల్సింది! విప్పాక మళ్ళీ ఎక్కిందా?"

"ఎక్కలేదు."

"ఎక్కదు." ఆయన వంగి, చిరిగిన రేకుని వేలితో తడిమారు. గొంతు పెంచారు. "ఈ డొక్కులోనా మీరు నా పిల్లని పుట్టింటికి తీసుకొచ్చేది? దారిలో చంపుతారా? బాగుచేసేదాకా ఈ వాకిట్లోంచి కదిలిస్తే కాళ్ళు విరగ్గొడతాను!"

నేను తల ఎత్తాను. పుట్టింటికి అన్నారు. ఆ ముక్క నాకు స్పష్టంగా వినిపించింది. కళ్ళ వెంట నీళ్ళు ఆగలేదు.

"ఏడుపెందుకమ్మా? దానికి ఫోన్ చెయ్యి" అన్నారు.

చేసి ఇచ్చాను. అవతల జిబెక్ "అక్కా, ఏమన్నాడు?" అని అడగడం నాకే వినిపించింది. ఆయన ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నారు.

"అమ్మాయ్" అన్నారు. "నువ్వు వెళ్ళిన ఇంట్లో ఒక్కడికీ నట్టు బిగించడం రాదు."

"నాన్నా!" అని అటు నుంచి కేక.  ఆయన ఫోన్ నా చేతిలో పెట్టేసి, మొహం పక్కకి తిప్పుకుని, మైరంబెక్ చేతిలోంచి పొట్టేలు తాడు అందుకున్నారు.